పెద్దల సభ కూడని నెలలు

1969 ఫిబ్రవరి 2, ఆదివారం, జనగామ

ఈ రోజు ఆరాధన నేనే నడిపాను. మా పాస్టరు అయ్యగారు లేని మొదటి ఆదివారం. గురువారం భార్యాపిల్లలతో గుంటూరు వెళ్లే బండెక్కారు. నాలుగు రోజుల్లో వచ్చేస్తానన్నారు గానీ, ఆ ట్రంకు పెట్టెలు నాలుగు రోజుల కోసం సర్దినవి కావు. ఆంధ్రా వాళ్లు వెళ్లిపోవాలని ఊళ్లో గోడలన్నీ నింపేశారు. మా ఆరాధన హాలు గోడనూ వదల్లేదు. రాసింది నా బడి పిల్లలే. ఆ గుండ్రటి దస్తూరి నేర్పింది నేనే కదా. బడి మూతపడ్డాక వాళ్ల చేతిరాత అభ్యాసం గోడల మీద సాగుతున్నది.

మా ప్రెస్బిటేరియన్ సంఘానికి నాలుగేళ్లు. గుడి లేదు. స్టేషన్ రోడ్డులో బియ్యం గోదాము మీది అద్దె హాలే మాకు గుడి. అయ్యగారు వెళ్లాక మిగిలిన సంఘ పెద్దలం ఇద్దరం, నేనూ వీరయ్యన్నా. వీరయ్యన్న రైల్వేలో గ్యాంగు పని చేసి రిటైరైనవాడు, వేలిముద్ర మనిషి. కాబట్టి ప్రసంగం, ప్రార్థన అన్నీ నా నెత్తినే పడ్డాయి.

ప్రసంగం బాగున్నదని నా భార్య సుశీల అన్నది. నా ప్రార్థనలో "నీ సన్నిధికి వచ్చినం ప్రభువా" అని మా యాసలో వచ్చినప్పుడల్లా అయ్యగారు పక్కన నవ్వు ఆపుకునేవారు. ఈ రోజు ఎన్నిసార్లు అన్నానో తెలియదు, ఎవరూ నవ్వలేదు. లోపల కాస్త సంతోషంగానే ఉన్నదని రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

అయ్యగారి నుంచి కబురు లేదు. రైలు బండ్లు నడిచిన రోజు నడుస్తున్నాయి, లేని రోజు లేవు.

ఫిబ్రవరి 15, శనివారం

ఇళ్లు తిరిగాను. మా సంఘంలో పెద్దల అసలు పని ఇదే. ప్రభువు బల్ల ఆరాధనకు ముందు ఇంటింటికీ వెళ్లి, అందరూ సమాధానంగా ఉన్నారా, వేరే దేవుళ్ల జోలికి పోయారా అని కనుక్కుని, ప్రార్థన చేసి రావాలి. అప్పుడే ఆ ఇంటివాళ్లు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అర్హులు. బల్ల పెట్టే అయ్యగారే లేనప్పుడు ఈ తిరుగుడెందుకని సుశీల అడిగింది. అలవాటు తప్పకూడదన్నాను.

చివర ఓదెమ్మ ఇల్లు. గూడ్సు షెడ్డులో హమాలీ పని చేసే పోశయ్య భార్య. టేకుమట్ల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. పోయిన ఆషాఢంలో మనవడికి అమ్మవారు పోస్తే పోశమ్మకు బోనం ఎత్తింది. నేను అప్పుడు ఇలాగే తిరుగుతూ వెళ్లేసరికి గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. ఇదేమిటంటే ఒక్క మాట దాచలేదు. మొక్కిన సారూ, నాదే తప్పు అన్నది. బోనమెత్తిన ఇళ్లు సంఘంలో ఇంకా రెండు మూడు ఉండే ఉంటాయి. వాళ్లు వేపమండలు తీసేసి నాకు కుర్చీ వేశారు.

పెద్దల సభలో ఆ విషయం పెట్టింది నేనే. ఆమెను బల్లకు దూరం పెట్టాం. ఆ శిక్షను జనవరి సభలో ఎత్తేద్దామని అయ్యగారే అన్నారు, నేనూ సరేనన్నాను. గొడవల్లో జనవరి సభ కూడలేదు. అయ్యగారు అధ్యక్షుడుగా కూర్చోనిదే అది పెద్దల సభ కాదు. సంఘ క్రమం అది, నేను కల్పించింది కాదు.

అంత జరిగినా ఓదెమ్మ ఏ ఆదివారమూ మానదు. మెట్ల పక్కన ఆఖరి చాప మీద కూర్చుని, అందరూ రొట్టె తీసుకుంటుంటే తలవంచుకుని ఉంటుంది. ఈ రోజు దగ్గుతున్నది. రెండు చిన్న దగ్గులు, కాస్త ఆగి ఇంకొకటి. నా సంగతి ఎప్పుడు చూస్తారని అడిగింది. అయ్యగారు రాగానే అన్నాను.

మార్చి 2, ఆదివారం

ప్రసంగం మంచి పట్టులో ఉండగా ఓదెమ్మ దగ్గు. వీరయ్యన్న మధ్యలో లేచి వెళ్లి నీళ్లిచ్చి వచ్చాడు. సంఘ పెద్దగా ఉన్న మనిషి ఆరాధన నడుమ లేవకూడదు. తర్వాత చెప్పాను. తలూపాడు. ఆయన తలూపితే విన్నట్టు కాదు.

మార్చి 16, ఆదివారం

ఓదెమ్మ రాలేదు. నా ప్రసంగం ఏ అడ్డూ లేకుండా సాగింది. అయినా ఎందుకో నిలవలేదు.

మార్చి 19, బుధవారం

ఓదెమ్మను దవాఖాన నుంచి ఇంటికి పంపించేశారు. ఊపిరితిత్తులు రెండూ పోయాయట. పోశయ్య వచ్చి చెబితే నేనూ వీరయ్యన్నా వెళ్లాం. మనిషి చాపకు అంటుకుపోయి ఉంది. ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాక కళ్లు తెరిచి అడిగింది.

"సారూ, నాకు బల్ల ఇయ్యిండ్రి. దూరం బెట్టినోళ్లు మీరే, దగ్గరికి దీసుకొమ్మని గూడ మిమ్మల్నే అడగాలె గద."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. అయ్యగారు రావాలమ్మా, శిక్ష ఎత్తడానికి సభ కూడాలి, రొట్టె విరవడానికి అభిషేకం ఉన్న చేయి కావాలి, నేను బడిపంతులును, నాకు ఆ అధికారం లేదు అని నెమ్మదిగా చెప్పాను. అర్థమైనట్టే తలూపింది. మీరు ఎట్లంటే అట్లనే సారూ అన్నది.

దారిలో వీరయ్యన్న చౌరస్తా దగ్గర ఆగాడు.

"ఇచ్చేద్దాం సారూ. అయ్యగారికి బండ్లు లెవ్వు. దేవునికి గూడ బండి గావాల్నా?"

అలా ఎవరికి వాళ్లు ఇచ్చేస్తే సంఘమెందుకు, క్రమమెందుకు అన్నాను. ఆయన తలూపాడు.

మార్చి 23, ఆదివారం

ఒక దారి తోచింది. మా ప్రెస్బిటేరియన్ శాఖకే చెందిన ఇంకో అయ్యగారు మానుకోటలో ఉన్నారు. ఆయన ఈ ప్రాంతం మనిషే, ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. ఆయన్ని తీసుకువస్తే అధ్యక్షుడుగా కూర్చుంటారు, శిక్ష ఎత్తేస్తాం, అప్పుడే ఓదెమ్మకు బల్ల ఇస్తారు. అంతా క్రమంగా జరిగిపోతుంది. ఇది ముందే ఎందుకు తోచలేదో.

ఆరాధనలో అందరికీ చెప్పాను. సాయంత్రం పోశయ్య వచ్చి, సారు మానుకోట పోతున్నాడని చెప్తే ఓదెమ్మ లేచి కూర్చుని గంజి తాగిందని చెప్పాడు. రేపు పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరతాను.

మార్చి 25, మంగళవారం

నిన్న సాయంత్రమే తిరిగి వచ్చాను. నెల్లికుదురు దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టేసి పడేశారు, బంద్. ముందుకు దారి లేదు. చేయగలిగింది చేశాను.

ఒళ్లంతా నొప్పులు. ఈ రోజంతా ఇంట్లోనే. ఓదెమ్మకు కబురు చెప్పాలి. రేపు వెళతాను.

ఇంకొకటి. బల్ల సామాను మా ఇంట్లోనే ఉంటుంది. నిన్న నేను వచ్చేసరికి ద్రాక్షరసం గిన్నె వంటింటి గట్టు మీద తడిగా బోర్లించి ఉంది. తూము దగ్గర ఎండుద్రాక్ష పిప్పి. నానబెట్టి పిసికి రసం తీస్తేనే అట్లా ఉంటుంది. బల్ల ఆరాధన లేని నెలలో రసం ఎవరికి? సుశీల పొయ్యి ముందు కూర్చుని ఉన్నది, తల తిప్పలేదు. నేను అడగలేదు.

మార్చి 26, బుధవారం

వెళ్లలేదు. ఏ ముఖంతో వెళ్లి ఏమని చెప్పాలో కుదరలేదు. రేపు తప్పకుండా.

మార్చి 27, గురువారం

పొద్దున ఓదెమ్మ పోయింది.

మార్చి 28, శుక్రవారం

సమాధి చేశాం. ప్రార్థన నేనే చదివాను. చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే బాగా వినిపించింది. మట్టి ముందుగా నన్నే వేయమన్నాడు పోశయ్య. వేశాను. ఆయన నాకు దండం పెట్టాడు.

ఏప్రిల్ 6, ఈస్టరు

బల్ల లేని ఈస్టరు. పాటలు పాడాం, వాక్యం చదివాం. నేను ప్రార్థనలో ఉండగా మెట్ల వైపు నుంచి దగ్గు వినిపించింది. రెండు, కాస్త ఆగి ఇంకొకటి. ప్రార్థన ఆపి కళ్లు తెరిచాను. జనం హాలు నిండా ఉన్నారు, ఆ చాప మీద మాత్రం ఎవరూ లేరు. మిగతా అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు, ఒక్క వీరయ్యన్న తప్ప. ఆయన నన్నే చూస్తున్నాడు.

కింద గోదాములో కూలీలు దగ్గి ఉంటారు. బియ్యం దుమ్ము.

ఏప్రిల్ 13, ఆదివారం

గోదాముకు ఆదివారం సెలవు. అది ఈ రోజు గుర్తొచ్చింది.

ఏప్రిల్ 20, ఆదివారం

మళ్లీ. ఈ సారి ప్రసంగం మధ్యలో. నా గొంతు ఎండిపోయి వాక్యం మరిచిపోయాను. మంచినీళ్లు తెచ్చింది వీరయ్యన్న. సంఘ పెద్దగా ఉన్న మనిషి నడుమ లేవకూడదని ఈ సారి చెప్పలేదు.

నన్ను నేను అడిగి చూసుకున్నాను. నీ వల్ల ఏం పొరపాటు జరిగింది? మానుకోట వెళ్లబోయావు, బస్సు ఆగింది. అంతే కదా. బస్సును నేను ఆపానా?

మే 4, ఆదివారం

ఆ గిన్నె గురించి ఆలోచిస్తున్నాను. సుశీల మనసు నాకు తెలుసు. నేను మానుకోట బయల్దేరాక ఇంట్లో నిలవలేకపోయి ఉంటుంది. డబల్‌రొట్టె ముక్క, గిన్నెలో రసం కొంగు కింద పెట్టుకుని వెళ్లి ఓదెమ్మ నోట్లో పెట్టి ఉంటుంది. సంఘ క్రమం ప్రకారం ఇది చిన్న విషయం కాదు. ఒక స్త్రీ, అభిషేకం లేదు, పైగా సంఘ పెద్ద భార్య, శిక్షలో ఉన్న మనిషికి బల్ల ఇవ్వడం! ఇంకెవరైనా చేసి ఉంటే సభలో నేనే నిలబెట్టి అడిగేవాణ్ని.

కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఓదెమ్మ తినే పోయిందన్న మాట మనసులో అనుకోగానే ఒళ్లు తేలికపడింది.

సుశీలను అడగను. అడిగితే చెబుతుంది. చెబితే నేను సభలో పెట్టాలి. ఆమెను నేను నిలబెట్టలేను. అందుకే అడగను. వేరే కారణం లేదు.

మే 18, ఆదివారం

దగ్గు లేదు.

జూన్ 5, గురువారం

ఊళ్లో కర్ఫ్యూ. రోజంతా ఇంట్లో కూర్చుంటే పాత విషయాలన్నీ తోసుకొస్తాయి. నెల్లికుదురులో చెట్టు అడ్డం పడ్డ మాట నిజమే. తిరుగు బస్సు కోసం చూస్తున్నప్పుడు, చెట్టుకు అవతల మానుకోట వెళ్లే ఎడ్లబండి ఒకటి ఉన్న మాట కూడా నిజమే. బండివాడు వస్తవా సారూ అని అడిగాడు. ఎండ బాగా ఉంది. బండిలో చేరేసరికి చీకటి పడుతుంది, అయ్యగారు ఊళ్లో ఉంటారో లేదో అనుకున్నాను. తెలివైన మనిషి ఎవరైనా అలాగే అనుకుంటాడు.

అయినా ఇప్పుడా లెక్క ఎందుకు? సుశీల ఇచ్చేసింది కదా.

జూన్ 22, ఆదివారం

ఆరాధన అయ్యాక పోశయ్య దండాలు సారూ అన్నాడు. ప్రతివారం అంటాడు. ఏ మార్పూ లేదు. భార్యకు బల్ల అందిందని ఆయనకు తెలిసే ఉంటుంది, అందుకే నా మీద మనసులో ఏమీ పెట్టుకోలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

జూలై 13, ఆదివారం

సుశీల ఈ మధ్య నాతో ఎక్కువ మాట్లాడటం లేదు. తప్పు చేశానన్న బెరుకు కాబోలు. నేను మాత్రం ఆమె మీద మునుపటి కంటే ప్రేమగా ఉంటున్నాను. నిన్న బజారు నుంచి మల్లెపూలు తెచ్చాను. ఎందుకివి అని అడిగింది. ఊరికే అన్నాను. పెట్టుకోలేదు.

జూలై 27, ఆదివారం

ఇది కూడా రాసేస్తే మనసులోంచి పోతుంది. నేను నెల్లికుదురు నుంచి వచ్చేస్తుంటే, నాలుగైదు గంటల్లో చెట్టు తీసేస్తారు, బస్సు ముందుకే పోవచ్చు, ఆగండని కండక్టరు అన్నాడు. నేను తిరుగు బస్సు ఎక్కాను. మానుకోట అయ్యగారు వస్తే ఆయనే ప్రసంగపీఠం ఎక్కేవారు. నా ఆదివారాలు పోయేవి. ఆ రోజు బస్సులో ఆ ఆలోచన రాలేదని చెప్పలేను. వచ్చింది. వచ్చిపోయింది, అంతే.

ఎలాగూ ఓదెమ్మ తిన్నది. తిన్నది. తిన్నది.

సెప్టెంబరు 14, ఆదివారం

అయ్యగారు తిరిగి వచ్చారు, ఒక్కరే. కుటుంబాన్ని అక్కడే ఉంచారు. ఊరు కాస్త చల్లబడింది. హాలు గోడ మీది రాత వీరయ్యన్న ముందురోజే సున్నం వేసి చెరిపేశాడు. అయ్యగారు నన్ను కౌగిలించుకుని, సంఘాన్ని కాపాడారు సుదర్శన్ గారూ అన్నారు. వచ్చే ఆదివారం బల్ల ఆరాధన. శనివారం పెద్దల సభ.

సెప్టెంబరు 20, శనివారం

సభ కూడింది. అయ్యగారు, వీరయ్యన్న, నేను. ఓదెమ్మ మీది శిక్ష ఎత్తేయాలని నేను పెట్టాను. అయ్యగారు తల అడ్డంగా ఊపారు. చనిపోయినవాళ్ల మీద పెద్దల సభకు అధికారం లేదన్నారు. కట్టడానికీ లేదు, విప్పడానికీ లేదు. అంటే ఆమె పేరు ఎప్పటికీ శిక్ష కిందే ఉంటుంది.

నేను ఏదో అనబోతుంటే ఆయనే నా వైపు తిరిగారు.

"మీరే ఇచ్చేయాల్సిందండీ. ఎందుకిచ్చావయ్యా అని వచ్చాక నేను మందలించేవాణ్ని. అంతేగదా, ఇంకేం జరిగేది?"

అంత తేలిగ్గా అన్నారు. నేను ఆరు నెలలుగా మోస్తున్న క్రమాన్ని ఆయన కండువా దులిపినట్టు దులిపేశారు. అప్పుడు ఆగలేకపోయాను. ఓదెమ్మ బల్ల తీసుకోకుండా పోలేదు, మా సుశీల వెళ్లి ఇచ్చింది, క్రమం తప్పినట్టే, మందలిస్తే మందలించండి అని చెప్పేశాను. గర్వంగానే చెప్పాను. అయ్యగారి ముఖం విప్పారింది, దేవునికి స్తోత్రం అన్నారు. వీరయ్యన్న మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు. ఈ సారి తలూపలేదు.

ఇంటికి వచ్చి సుశీలతో చెప్పాను. సభలో చెప్పేశాను, ఎవరూ ఏమీ అనలేదు, నువ్వు ఇన్నాళ్లూ నా దగ్గర దాచి బాధపడ్డావు, ఇక అవసరం లేదు అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతున్నది. చేయి ఆగిపోయింది.

"నేను ఇయ్యలే," అన్నది.

గిన్నె చూశానన్నాను. పోయిన మాట నిజమే అన్నది. వీరయ్యన్నను తోడు తీసుకుని వెళ్లిందట. రొట్టె చేతిలోకి తీసుకుంటే ఓదెమ్మ చూసి, సారు ఇయ్యమన్నాడా అని అడిగిందట. సుశీల అబద్ధం చెప్పలేకపోయింది. ఓదెమ్మ ఆమె చేయి పట్టుకుని రొట్టెను వెనక్కి నెట్టింది. ఆమె అన్న మాటలు సుశీల నాకు అట్లాగే చెప్పింది.

"వద్దు బిడ్డా. సారు నాకోసం మానుకోట దాక పాయె. అయ్యగారిని దోల్కొని వస్తడు. గిప్పుడు దొంగతనంగ తింటే ఆయన ముఖం ఎట్ల సూడాలె? వచ్చేదాక పానం వట్టుకొని ఉంట."

ఆ రసం తెచ్చి తూములో పోసేశానన్నది సుశీల.

నేను ఆ సాయంత్రమే వచ్చేశాను కదా. సోమవారం, మంగళవారం, బుధవారం ఇంట్లోనే ఉన్నాను కదా. ఆ మాట ఓదెమ్మకు ఎవరూ చెప్పలేదా అని అడిగాను.

"పోశయ్యకు తెల్సు. మంగళవారం మీరు మన వాకిట్ల కూసొని పేపర్ సదువుతుంటే సూసిండట. ఇంటికి పోయి ఆమెకు చెప్పలే. సారు దార్ల ఉన్నడు, వస్తుండు అనే చెప్పిండట, పానం పోయేదాక."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలే అన్నది. మళ్లీ బియ్యం ఏరసాగింది.

సెప్టెంబరు 21, ఆదివారం

బల్ల ఆరాధన జరిగింది. అయ్యగారు రొట్టె విరిచి పళ్లెం నా చేతికి ఇచ్చారు. వద్దనకుండా తీసుకున్నాను. మగవాళ్ల వరసల్లోకి వెళ్లాను. పోశయ్య ముందు ఆగి పళ్లెం పట్టుకున్నాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఈ రొట్టె వద్దంటే బాగుండునని, అందరి ముందూ నా పళ్లేన్ని వెనక్కి నెడితే బాగుండునని ఎంతగానో కోరుకున్నాను.

రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.